గుట్టకు యుద్ధవిమానం రంగు

ముక్కొండూరు పురపాలక సంఘంలో చెత్త ఎత్తడం తప్ప మిగతా పనులన్నీ సక్రమంగానే జరుగుతాయి. చెత్త ఎత్తడం గురించిన మీటింగులు మరీ సక్రమంగా జరుగుతాయి. ఆ మీటింగుల్లో తాగి పారేసిన టీ కప్పులతో సహా ఊరి చెత్తంతా పాతమార్కెట్ వీధి మలుపుకు చేరి, అక్కడొక గుట్టగా లేచింది. ఊరి పేరులో మూడు కొండలున్నాయి గానీ చుట్టుపక్కల ఎక్కడా ఒక్క కొండా లేదు. ఆ లోటు తీర్చడానికే మున్సిపాలిటీ వాళ్ళు దీన్ని పెంచుతున్నారని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు.

ఆ గుట్ట సరిగ్గా శేషఫణి ఇంటి వీధిగుమ్మానికి ఎదురుగా ఉంది. శేషఫణి ఉద్యోగం చేసేది కూడా ఆ మున్సిపాలిటీలోనే. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో డ్రాఫ్ట్స్‌మన్. అంటే ఊరు ఎలా ఉండాలో కాగితం మీద గీసి, సాయంత్రం ఎలా ఉందో చూసుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు.

గుట్ట కిటికీ ఎత్తుకు వచ్చిన రోజున ఆయన భార్య హైమావతి వీధి తలుపు మూసి గడియ పెట్టేసింది.

"ఆ గుట్ట పోయిన రోజున ఈ తలుపు తీస్తాను. అందాకా మనకి దొడ్డిదారే గతి" అంది.

దొడ్డిదారంటే పక్కింటివాళ్ళ గేదెల కొట్టాన్ని ఆనుకుని పోవాలి. హైమావతి అన్నగారు కొత్త చెప్పులేసుకుని చూడవచ్చి, పాత చెప్పులు అరువడిగి వెళ్ళాడు. అప్పటినుంచీ ఆమెకు పుట్టింటి ముందు తలెత్తుకోవడం కష్టమైపోయింది. "ఏమండీ, మీరు పనిచేసేది మున్సిపాలిటీలోనా, మిఠాయి కొట్లోనా? ఎదురుగా ఉన్న చెత్త ఎత్తించలేనప్పుడు ఆ ఉద్యోగం పేరు బయట చెప్పుకోవడం దేనికి?" అని రోజూ అన్నం వడ్డిస్తూ అడిగేది. శేషఫణి ఆ ప్రశ్నను పక్కన పెట్టేవాడు. అన్నం మాత్రం తినేవాడు.

ఆయనకొక పిచ్చి ఉంది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, అసలు యుద్ధవిమానాన్ని చేటలో పట్టేంతగా కుదించి, అచ్చు అలాగే తయారుచేసేవాడు. చేయడం ఒక ఎత్తు, దానికి రంగు వేయడం ఇంకో ఎత్తు. అందుకోసం పెన్నులాంటి ఎయిర్‌బ్రష్, దాని వెనక గాలి తోసే చిన్న కంప్రెసర్ కొనుక్కున్నాడు. రంగులో థిన్నర్ పోసి, పలచటి పాలలా అయ్యేదాకా కలిపేవాడు. ముందు మట్టిరంగు కొట్టి ఆరనిచ్చేవాడు. తర్వాత మైనంలాంటి జిగురు ముద్దను వత్తులు చేసి రెక్కల మీద వంకరటింకరగా పేర్చి, ఆ వత్తుల మధ్య ఖాళీల్లో ముదురాకుపచ్చ కొట్టేవాడు. వత్తులు తీసేస్తే పచ్చ ఎక్కడ ఆగిందో, మట్టి ఎక్కడ మొదలైందో బ్రహ్మదేవుడికి కూడా తెలియకుండా అంచులు కలిసిపోయేవి. ఆ అంచు కుదిరిన రోజున శేషఫణికి భోజనం సహించేది కాదు, అంత ఆనందం. హైమావతి వాటిని బొమ్మలనేది. ఆ ఒక్క మాటకే ఆయనకు మనసు చివుక్కుమనేది.

ఒకరోజు అలా కొట్టిన పచ్చ ఆరకముందే, గుట్ట మీదనుంచి వచ్చిన ఈగ ఒకటి కుడిరెక్క మీద వాలి అక్కడే అతుక్కుపోయింది. యుద్ధవిమానం మీద ఈగను చూసి శేషఫణికి దుఃఖం వచ్చినంత పనైంది. మర్నాడు విమానాన్నీ సరంజామానీ సంచిలో పెట్టుకుని ఆఫీసుకు మోసుకెళ్ళాడు. అక్కడ రికార్డు గదిలోకి ఈగలు కాదు కదా, మనుషులు కూడా వెళ్ళరు. మధ్యాహ్నం భోజనం వేళ అక్కడ రంగు వేసుకుని, పాత ఫైళ్ళ దొంతర మీద ఆరబెట్టుకోవచ్చని ఆయన ఆలోచన.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి 'గగన వీక్షణం' అనే పథకం వచ్చింది. అంతకుముందు ఊళ్ళ శుభ్రతకు మార్కులు వేయడానికి అధికారులు స్వయంగా వచ్చేవారు. వచ్చినవారు గెస్ట్‌హౌస్‌లో బిర్యానీ తిని, బిర్యానీకి మార్కులు వేసి వెళ్ళేవారు. మనుషుల్ని నమ్మితే లాభం లేదని ప్రభుత్వం ఇక ఆకాశాన్ని నమ్ముకుంది. డ్రోన్ ఒకటి ఊరి మీద ఎగిరి ఫొటోలు తీస్తుంది. కంప్యూటర్ ఆ ఫొటోలు చూసి మార్కులు వేస్తుంది. పచ్చగా ఉంటే మార్కులు కలుపుతుంది, రంగురంగులుగా ఉంటే చెత్త కింద లెక్కగట్టి కోస్తుంది. ఇందులో మానవ ప్రమేయం బొత్తిగా లేదని ఉత్తర్వులో గర్వంగా రాశారు.

ముక్కొండూరు కొత్త కమిషనర్ భువనమోహన్ గారు ఆ ఉత్తర్వు చదివి నిద్ర మానుకున్నారు. ఆయన ప్రమోషన్ ఆ మార్కులతో ముడిపడి ఉంది. ఊళ్ళో ఏది దాచాలో, ఎక్కడ దాచాలో చూసుకుంటూ గదిగదికీ తిరుగుతూ ఆయన ఆ మధ్యాహ్నం రికార్డు గదిలోకి వచ్చారు. వచ్చి, చేతిలోని లావుపాటి బ్యాగు ఫైళ్ళ మీద దించబోయారు.

"అయ్యా, అక్కడ పెట్టకండి. విమానం ఉంది" అన్నాడు శేషఫణి లేచి నిలబడి.

కమిషనర్ గారు అటూ ఇటూ చూశారు. "ఎక్కడ?"

"తమరి బ్యాగు కిందేనండి."

మట్టిరంగు అట్టలు, వాటికి ఆకుపచ్చ నాడాలు, వాటి మీద విమానం. కమిషనర్ గారు వంగి చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. తోక వేలికి తగిలాక గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు.

"ఇది నాకెందుకు కనపడలేదు?"

"కనపడకూడదనే ఆ రంగులు వేస్తారండి. పైనుంచి శత్రువు చూస్తే నేలే అనుకోవాలి."

కమిషనర్ గారు కుర్చీ దులుపుకోకుండానే కూర్చున్నారు. "పైనుంచి చూసేవాడికి ఉన్నది లేనట్టు ఉంటుందా?"

"అవునండి."

"ఉన్నదాన్ని అక్కణ్ణించి తీయకుండానే?"

"తీయక్కర్లేదండి. కనపడకపోతే చాలు" అన్నాడు శేషఫణి ఉత్సాహంగా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ పెళ్ళయిన నాటినుంచీ తన విద్య గురించి ఒక మనిషి కూర్చుని వినడం ఆయనకదే మొదటిసారి. అడక్కపోయినా ఇంకా చెప్పాడు. "అడుగు భాగానికి మాత్రం లేత నీలం వేస్తారండి. కిందనుంచి చూసేవాడు ఆకాశం అనుకోవాలని."

"కిందివాడికి ఆకాశం చూపించడం మనకు కొత్తేం కాదులే. ముందు పైభాగం సంగతి చూద్దాం" అన్నారు కమిషనర్ గారు.

సాయంత్రానికల్లా అత్యవసర సమావేశం పెట్టారు. శేషఫణిని కమిషనర్ గారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన సర్వీసులో గోడపక్క స్టూలు దాటి కూర్చోవడం అదే మొదలు.

"గుర్తించబడిన వ్యర్థముల రాశులను తొలగించుట ద్వారా కాక, వాటి దృశ్యమానతను తగ్గించుట ద్వారా ఫలితములు సాధించవచ్చునని నేను భావిస్తున్నాను" అన్నారు కమిషనర్ గారు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ మస్తాన్ వలీ చెవిలో వేలు పెట్టి కదిపాడు. "అంటే ఎత్తేది లేదా సార్?"

"మీ దగ్గర ట్రాక్టర్ ఉందా?"

"ట్రాక్టరుంది సార్. డీజిలే లేదు. ఆ పద్దు ఖాళీ అయిందని మీరే రాశారు."

"సుందరీకరణ పద్దులో డబ్బు ఉంది. దానితో రంగు కొనవచ్చు, డీజిల్ కొనకూడదు. నిబంధన ఏ దారి చూపిస్తే ఆ దారిన నడవడమే పరిపాలన."

"మరి కంపు సంగతి సార్?"

"డ్రోన్‌కు ముక్కుండదు."

శేషఫణికి ఒక సందేహం కలిగింది. అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగాడు. "కింద తిరిగేవాళ్ళకి మాత్రం కనపడుతుందండి."

కమిషనర్ గారు జాలిగా నవ్వారు. "కిందివాళ్ళు మార్కులు వెయ్యరయ్యా."

అందరూ నవ్వారు. శేషఫణి కూడా నవ్వాడు. ఆ సభలోనే ఆయనకు 'వర్ణ నిగూహన ప్రత్యేకాధికారి' అనే పదవి ఇచ్చారు. ఆ మాటకు అర్థం ఎవరికీ తెలియకపోయినా చప్పట్లు గట్టిగానే కొట్టారు. మొదటి ప్రయోగం పాతమార్కెట్ గుట్ట మీదేనని తీర్మానమైంది.

"గుట్ట సంగతి కదిలించాను. ఇవాళ మీటింగంతా దానిమీదే" అని ఇంటికి వచ్చి గొప్పగా చెప్పాడు శేషఫణి. హైమావతి ఆ రోజు గుత్తివంకాయ చేసింది.

మర్నాడు పాపం శేషఫణి తన ఎయిర్‌బ్రష్‌తోనే మొదలుపెట్టాడు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని ఒక అరటితొక్కనూ సగం కొబ్బరిబొండాన్నీ పూర్తిచేశాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి గానీ, ఈ లెక్కన గుట్ట పూర్తయ్యేసరికి కమిషనర్ గారు రిటైరవుతారని మస్తాన్ వలీ అన్నాడు. అందుకని మిరపతోటల్లో పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు తెప్పించారు. జిగురు వత్తుల బదులు పాత పరుపులు చుట్టి గుట్ట మీద వంకరగా పరిచారు. ముందు మట్టిరంగు, తర్వాత ముదురాకుపచ్చ. గుట్ట మీద పడుకున్న ఆవు లేవనని మొండికేస్తే, నమూనా తెగకూడదని దానికీ వేశారు. సాయంత్రం పరుపులు తీసి, డాబా ఎక్కి చూశాడు శేషఫణి. గుట్ట లేదు. అక్కడొక చిట్టడవి ముక్క ఉంది. ఆయనకు ఒళ్ళు పులకరించింది. నిజం చెప్పొద్దూ, కంపు కూడా ఆ క్షణంలో తెలియలేదు.

కిందికి దిగేసరికి హైమావతి కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఎత్తిస్తానని చెప్పి రంగేయించారా?"

"ఎత్తిస్తానని అనలేదే. కదిలించానన్నాను."

"ఇప్పుడన్నా ఎత్తిస్తారా?"

"ఇప్పుడు ఎత్తకూడదు హైమా. నమూనా చెదిరిపోతుంది."

ఆ రాత్రి పచ్చడి మెతుకులే పెట్టింది.

నమూనా చెదరకూడదన్న మాటను మున్సిపాలిటీ కూడా పట్టుకుంది. ఆటోకు మైకు కట్టి వీధివీధినా చాటించారు. "ఇందుమూలముగా యావన్మంది పురప్రజలకు తెలియజేయడమేమనగా, ఇకమీదట గుట్టలయందు ముదురాకుపచ్చ మరియు మట్టిరంగు చెత్తను మాత్రమే పారవేయవలెను. ఎర్రని, తెల్లని, మెరిసే చెత్త గల కుటుంబములు సదరు చెత్తను తమ ఇండ్లలోనే భద్రపరచుకొనవలెను." ఉల్లిపొట్టు మట్టిరంగు కిందికి వస్తుందా రాదా అని వార్డు ఆఫీసులో ఆడవాళ్ళు వచ్చి నిలదీశారు. ఎండిన పొట్టు వస్తుందనీ, పచ్చిపొట్టు ఎండేదాకా ఇంట్లో ఉంచుకోవాలనీ వివరణ ఇచ్చారు. టమాటా వాడకం ఊళ్ళో సగానికి సగం పడిపోయింది. తోటకూర కాడలకు మాత్రం గిరాకీ పెరిగింది.

గుట్టతో ఆగి ఉంటే కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఆగనివ్వనిది శేషఫణి విద్యే. కమిషనర్ గారు నీళ్ళట్యాంకు మీదికెక్కి చూసి, గుట్ట బాగానే కలిసిపోయింది గానీ దాని పక్కనున్న పెంకుటిళ్ళు ఎర్రగా కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయన్నారు.

"అంచు తెలియకూడదంటే పక్కదాన్ని కూడా కలపాలండి. ఎక్కడ ఆపితే అక్కడ గీత కనపడుతుంది" అన్నాడు శేషఫణి. పనివాడి మాటగా అది సత్యమే.

దాంతో పెంకులకు వేశారు. పెంకుల పక్కన డాబాలున్నాయి, డాబాల పక్కన రోడ్లున్నాయి. రోడ్ల మీద గుంతలుంటే, గుంతలకు ప్రత్యేక శ్రద్ధతో, అంచులు మరింత మెత్తగా వేశారు. మూతల్లేని మురుగుకాలువలకు వేశారు. చుక్కచుక్కా కారే నీళ్ళట్యాంకుకూ, పునాదుల్లోనే ఆగిపోయిన బస్టాండుకూ వేశారు. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డ జనం పైనుంచి రంగురంగులుగా కనపడుతున్నారని వాళ్ళకు ఆకుపచ్చ గొడుగులిచ్చారు. నీళ్ళివ్వడం కంటే గొడుగులివ్వడం తేలికని ఆ సందర్భంలోనే తెలిసింది. సోమవారం అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్ళకు మట్టిరంగు దుప్పట్లిచ్చి, కప్పుకుని ఆవరణలో బోర్లా పడుకోమన్నారు. ప్రజలు ఇంత క్రమశిక్షణతో ఉండటం తన సర్వీసులో చూడలేదని కమిషనర్ గారు మెచ్చుకున్నారు.

ఇంతలో మస్తాన్ వలీ స్కూటర్‌తో సహా మురుగుకాలువలో పడ్డాడు. కాలు విరిగింది. డ్యూటీలో గాయపడ్డానని సెలవు అడిగితే పైనుంచి జవాబు వచ్చింది. "సదరు స్థలమున కాలువ ఉన్నట్లు కమిషనరు ట్యాంకుపైనుండి తీయించి పంపిన చిత్రములలో కానరాదు. లేని కాలువలో పడుట సాంకేతికముగా అసాధ్యము. కావున సదరు ఉద్యోగి తన కాలును తానే విరుచుకొన్నట్లు భావించి, సంజాయిషీ కోరడమైనది."

శేషఫణి బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. మస్తాన్ వలీ కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"ఆ కాలువ పూడిక తీయించింది నేనేనయ్యా. దాని వంపూ లోతూ నాకు కళ్ళుమూసుకున్నా తెలుసు. ఏం కలిపావో గానీ, పడ్డాక కూడా అది కనపడలేదు నాకు" అన్నాడు.

"అంచు బాగా కుదిరిందక్కడ" అన్నాడు శేషఫణి.

అనేశాక మస్తాన్ వలీ మొహం చూశాడు. సిగ్గుపడాల్సిన చోట గర్వపడ్డానని ఆయనకు అప్పుడు తట్టింది. బత్తాయిలు బల్ల మీద పెట్టి, లేచి వచ్చేశాడు. దారిలో ప్రతి అడుగూ కాలితో తడిమి మరీ వేశాడు.

అనుకున్న రోజున డ్రోన్ వచ్చింది. ఊరి మీద ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, దారి తప్పిన దానిలా మూడో చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. ఊరంతా ఊపిరి బిగబట్టి ర్యాంకు కోసం ఎదురుచూసింది. పట్టిక రానే వచ్చింది. అందులో ముక్కొండూరుకు మొదటి ర్యాంకు రాలేదు. ఆఖరి ర్యాంకూ రాలేదు. అసలు ముక్కొండూరే లేదు.

పట్టిక వెనకాలే ఉత్తర్వు వచ్చింది. కమిషనర్ గారు దాన్ని సభలో నిలబడి చదివారు. "సదరు అక్షాంశ రేఖాంశముల మధ్య గగన వీక్షణము జరుపగా ఎట్టి జనావాసమూ కానరాలేదు. దట్టమైన మిశ్రమ వృక్షసంపద మాత్రము గుర్తించబడినది. కావున సదరు ప్రాంతమును రక్షిత అరణ్యముగా ప్రకటించి, అచట పురపాలక సంఘము అవసరము లేనందున రద్దు చేయడమైనది."

కమిషనర్ గారి కళ్ళు చెమర్చాయి.

"మిగతా ఊళ్ళు చెత్తను దాచగలిగాయి. మనం ఊరినే దాచాం. ఇది సంపూర్ణ విజయం" అన్నారు.

"మా ఉద్యోగాలండీ?" అని ఎవరో వెనకనుంచి అడిగారు.

"అవి కూడా కనపడటం లేదు" అన్నారాయన విచారంగా. ఆ సాయంత్రమే ఆయనకు రాజధానిలో రాష్ట్రస్థాయి సలహాదారు పదవి వచ్చింది, మిగతా ఊళ్ళకు కూడా ఈ విద్య నేర్పడానికి. ఆయన కారుకు కూడా అవే రంగులు వేయించుకున్నారు కాబట్టి, వీధి మలుపు తిరిగాక ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

వారం తిరక్కుండా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ నీలకంఠం దిగాడు. వెంట గార్డులు, బోర్డులు, ముళ్ళతీగ చుట్టలు. మెయిన్‌రోడ్డు మధ్యలో జీపు ఆపించి, చేతిలోని ఫొటో ఒకసారీ ఎదురుగా ఉన్న జనాన్ని ఒకసారీ చూశాడు.

"మీరంతా అడవిలో ఏం చేస్తున్నారు?" అని అడిగాడు.

"ఇది అడవి కాదు సార్, ఊరు. అదిగో కిరాణాకొట్టు, ఇదిగో పోస్టాఫీసు" అన్నాడు ఒక పెద్దాయన.

"ఫొటోలో లేవే."

"మేం ఉన్నాం కదా సార్ ఎదురుగా."

"అదే కదా మీరు చేసిన నేరం" అన్నాడు నీలకంఠం. ఆ మాటలో కోపమేమీ లేదు. డ్యూటీ చేసేవాడి గొంతు అది.

ఇళ్ళన్నిటికీ అడవిని ఆక్రమించినట్లు నోటీసులు అంటించారు. గుట్ట మీద పొర్లే పందులు అడవిపందులయ్యాయి, వాటిని అదిలిస్తే కేసు. రంగు వేయించుకున్న ఆవును గుర్తు తెలియని వన్యమృగంగా నమోదు చేసి, దాని యజమాని పాలు పితకడానికి వీల్లేదన్నారు. పాతమార్కెట్ గుట్టకు చుట్టూ ముళ్ళతీగ కట్టి, 'రక్షిత గుట్ట - ఆకు తెంపినా శిక్షార్హము' అని బోర్డు పెట్టారు.

హైమావతి ఆ బోర్డు కిటికీలోంచి చదివింది. అరవలేదు, ఏడవలేదు. వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది.

"నేను మిమ్మల్ని మేడలడిగానా? మన వీధి గుమ్మంలోంచి నన్ను బయటికి నడవనివ్వండి అన్నాను. అంతే కదండీ నేనడిగింది?"

అంతే. ఆమె అడిగింది అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం శేషఫణి. అయినా ఆ మాత్రం పట్టుకోవాలనిపించింది. అల్మారాలో ఉన్న థిన్నర్ సీసా, పాత బనియను ముక్కలు తీసుకుని, దొడ్డిదారిన చుట్టూ తిరిగి గుట్ట దగ్గరికి వెళ్ళాడు. ముళ్ళతీగ కింద దూరి, తడిపిన గుడ్డతో రుద్దడం మొదలుపెట్టాడు. పచ్చ వదిలి, మట్టి వదిలి, కింద పాలకవర్లు, పగిలిన బకెట్లు, పాత చెప్పులు బయటపడ్డాయి. చెత్తను చూసి జీవితంలో మొదటిసారి ఆయనకు ఆనందం వేసింది. వీధిలో జనం మూగారు. ఎవరో ఈలవేశారు.

నీలకంఠం గార్డులతో వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏం చేస్తున్నావ్?"

"చూడండి సార్, ఇదంతా చెత్త. ఇది అడవి కాదు. ఈ రంగు వేసింది నేనే. నా చేత్తో వేశాను" అన్నాడు శేషఫణి, ఒక తెగిన చెప్పును సాక్ష్యంగా ఎత్తి చూపిస్తూ.

నీలకంఠం చెప్పు వంక చూడలేదు. ఫొటో వంకే చూశాడు. "ఇక్కడ పచ్చదనం ఉండేది. నువ్వు రుద్దిన మేర లేదు. రక్షిత అరణ్యంలో పచ్చదనం తొలగించినట్లే కదా. నేనే చేశానని నువ్వే అంటున్నావు."

"అయ్యా, ఫొటోలో ఉన్నది నేల మీద లేదండి."

"అలా కుదరదు. ఫొటో పైకి పోయింది, అది మారదు. మారాల్సింది నేలే."

ఆ గొడవ విని, ఇంట్లో ఉండబట్టలేక హైమావతి గడియ తీసింది. ఏళ్ళ తరబడి మూసి ఉన్న వీధి తలుపు కీచుమంటూ తెరుచుకుంది. చీర కొంగు నడుముకు చుట్టి ఆమె గుమ్మంలో నిలబడింది. పుట్టింటివాళ్ళు పెళ్ళికి పెట్టిన ఎర్రచీర అది. శేషఫణి రుద్దుతున్న చెయ్యి ఆపి అలా చూస్తూ ఉండిపోయాడు.

నీలకంఠం కూడా చూశాడు. "అడవిలో తలుపేమిటి? ఫొటోలో లేనిది నేల మీద ఉండకూడదు. ఇది మూసి, పక్కనున్నదాంట్లో కలిపేయాలి. ఎవరు చేస్తారు ఈ పని?"

ఊళ్ళో ఆ పని తెలిసినవాడు ఒక్కడే. ఆ సంగతి ఇందాకే అందరి ముందూ చెప్పుకున్నాడు కూడా. తలుపు కలిపేస్తే కేసు రాయననీ, కలపకపోతే ఇల్లు కూలగొట్టాల్సి వస్తుందనీ నీలకంఠం మర్యాదగానే చెప్పాడు. హైమావతి మొగుడి వంక ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వీధిలోకి వినిపించింది.

శేషఫణి రంగు కలిపాడు. పలచటి పాలలా వచ్చేదాకా కలిపాడు. జిగురు ముద్దను వత్తులు చేసి తలుపు మీదా గడప మీదా గోడ మీదా పేర్చాడు. ఈసారి మిరపతోట స్ప్రేయరు ముట్టుకోలేదు, తన ఎయిర్‌బ్రష్‌తోనే వేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా చెయ్యి మాత్రం వణకలేదు. చేతికి వచ్చిన విద్య సమయం సందర్భం చూసుకోదు. గోడ ఎక్కడ ఆగిందో, తలుపు ఎక్కడ మొదలైందో తెలియకుండా అంచులు కలిసిపోయాయి. ఆయన జీవితంలో అంత మంచి పని ఇంకొకటి చేయలేదు. నీలకంఠం ఫొటోతో సరిచూసుకుని, తృప్తిగా తలూపి, జీపెక్కి వెళ్ళిపోయాడు. జనం కూడా వెళ్ళిపోయారు.

శేషఫణి కంప్రెసర్ సర్దుకుని, ఇంట్లోకి వెళ్దామని తిరిగాడు. తలుపు కనపడలేదు. ఇక్కడే కదా అనుకుని చెయ్యి వేస్తే గోడ తగిలింది. రెండడుగులు జరిగి మళ్ళీ వేస్తే మళ్ళీ గోడే తగిలింది. తడిరంగు అరచేతికి అంటుకుంది. గోడ పొడవునా తడుముకుంటూ, తడుతూ నిలబడ్డాడు.

"హైమా, తలుపు ఎక్కడుందో కాస్త లోపలినుంచి తట్టవా?" అని పిలిచాడు.

గోడ అవతలినుంచి ఆమె గొంతు నింపాదిగా వినిపించింది.

"ఎందుకండీ తడుముకోవడం. దొడ్డిదారిన రండి. ఈ ఊళ్ళో ఇంకో దారి ఎప్పుడుందని?"